రీబౌండ్ చేజారేది కోర్టులోనేనా?

ఛత్తీస్‌గఢ్ జట్టు ఓడితే భిలాయి బాస్కెట్‌బాల్ అభిమాని నోట ముందుగా వచ్చేవి రెండే మాటలు: రీబౌండ్ అందుకోలేరు, దూరం నుంచి గురి లేదు. ఆ ఆవేదన న్యాయమైనదే. అయితే వేలెత్తి చూపుతున్న దిక్కే సరికాదు.

రీబౌండ్‌కు ఎత్తు, బలం, ముందుగా చోటు పట్టే నేర్పు కావాలి. 6.75 మీటర్ల గీత అవతలి నుంచి బంతి బుట్టలో పడాలంటే ఏళ్ల తరబడి నిత్యసాధన కావాలి. కోర్టు, శిక్షకుడు, పుష్టికరమైన తిండి, రేపటిపై భరోసా లేనిదే ఇవేవీ రావు. 1955 నాటి సోవియట్ ఒప్పందంతో పుట్టిన ఈ ఉక్కునగరంలో ప్రభుత్వరంగం నీడన అటువంటి వాతావరణం ఏర్పడింది. 2018లో కన్నుమూసిన రాజేశ్ పటేల్ ఇక్కడే అమ్మాయిలను జాతీయ విజేతలుగా తీర్చిదిద్దారు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన, దాదాపు ఏడడుగుల పూనమ్ చతుర్వేది ఆయన వద్దనే రాటుదేలారు.

ఆ తరువాత ఏమిటి? ఉద్యోగం కోసం మేటి క్రీడాకారిణులు రైల్వేలో చేరతారు. సీనియర్ జాతీయ పోటీల్లో రైల్వేది వేరే జట్టు. అంటే భిలాయి పెంచిన చేతులే ఛత్తీస్‌గఢ్‌పై రీబౌండ్ అందుకుంటాయి. ఇందులో రైల్వే తప్పేమీ లేదు. అది బతుకుదెరువు చూపింది. చూపనిది రాష్ట్రమే.

పతకం వచ్చిన రోజు దండలతో ముందుకొచ్చే నేతలను అభిమానులు అడగవలసినది ఒక్కటే: ఈ అమ్మాయిలకు సొంత రాష్ట్రంలో కొలువులు ఎన్ని?