నేలకు తగిన టైరు

సైకిలు కొనబోవు బాలుడు రంగు చూచును, గంట మ్రోగించి చూచును. తండ్రి ధర విచారించును. టైరును గూర్చి అడుగువారు అరుదు. దుకాణదారు తగిలించి యిచ్చినదే టైరు. ఈ ఉపేక్షవలన మన డెల్టా పల్లెలలో వానకాలమున ఎందరు పిల్లలు బడికి ఆలస్యముగా వచ్చుచున్నారో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు.

మంచుదేశములవారు ఈ విషయమున మనకంటె జాగరూకులు. ఫిన్లండు మున్నగుచోట్ల శీతకాలము రాగానే లోహపు మేకులు పొదిగిన టైర్లు తొడుగుదురు. గడ్డకట్టిన మంచుమీద రబ్బరు ఎంత దళసరిదైనను జారక మానదు; మేకు మొన దిగినప్పుడే పట్టు చిక్కును. మనకు మంచు లేదు, బురద కలదు. అయినను ముందు నేలను చూచి పిదప టైరును చూడవలెనను వారి పద్ధతి మనకును పనికివచ్చును.

తెనాలి వీధులలో తారు, సిమెంటు రోడ్లే హెచ్చు. తడిసిన రోడ్డుమీద బొడిపెల టైరు గట్టిగా పట్టునని పలువురి నమ్మకము. నిజమునకు నున్నని టైరే ఎక్కువ రబ్బరును రోడ్డుకు ఆనించును. సైకిలు వేగమునకు టైరుక్రింద నీటిపొర నిలువదు. మోటారుకారు సంగతి వేరు. బొడిపెలు చేయునదెల్ల తొక్కువాని కాళ్లకు శ్రమ హెచ్చించుటయే.

బాపట్లనుండి సూర్యలంకవైపు పోవువారికి ఇసుక అడ్డము. అచట వెడల్పు టైరు మేలు. గాలి కొంచెము తగ్గించినచో దిగబడదు. మరీ తగ్గించిరా, రాతిదెబ్బకు ట్యూబు రిమ్ముక్రింద నలిగి ఒక్కసారే రెండు చిల్లులు పడును.

అసలు కష్టము రేపల్లె చుట్టుపట్లనున్న నల్లరేగడిది. తడిసిన రేగడి పట్టినదానిని వదలదు. బొడిపెల సందులలో చేరిన మట్టి రాలక, పొరమీద పొర పేరుకొని, మడ్‌గార్డుక్రింద బిగిసి చక్రమును నిలిపివేయును. పుస్తకాల సంచితో పిల్ల డొంకలో నిలుచుండి పుల్లతో మట్టి గోకుకొనుచుండగా బడిగంట కొట్టుదురు. ఇచ్చట కావలసినది 28 × 1½ వంటి సన్నని టైరు. అంతకంటె ముఖ్యముగా టైరుకును మడ్‌గార్డుకును నడుమ రెండువ్రేళ్లు దూరు సందు. పాతకాలపు నల్లసైకిలునకు ఆ సందు ఉండెడిది. మోటుగా నున్నదని దానిని వదలుకొంటిమి! బాగుగా నానిన రేగడిలో అదియు సాగదనుట నిజమే, దిగి నడువవలసినదే. కాని నడిపించుటకైనను చక్రము తిరుగవలెను గదా.

2017లో మన రాష్ట్రమున 'బడికొస్తా' పేర బాలికలకు సైకిళ్లు పంచిరి. మంచి పనియే. ఇట్టి పంపకమునకు కొనుగోలు పత్రము వ్రాయునప్పుడు సైకిళ్ల లెక్కతోపాటు టైరు వెడల్పును, మడ్‌గార్డు సందును ప్రాంతమునుబట్టి నిర్ణయించి వ్రాయవలెనని నా అభిప్రాయము. దానికి ముందు ఆయా బడుల ఉపాధ్యాయులను సంప్రతించుట మంచిది. ఏ పిల్ల ఏ దారిని వచ్చునో వారికే తెలియును.