మన్యం చలికి వేరే కొలత కావాలి

పాడేరు: శీతాకాలం వాతావరణ సూచనల్లో ఉత్తర కోస్తాకు దక్కేది సాధారణంగా రెండే వాక్యాలు. పొడి వాతావరణం ఉంటుంది, ఉదయం వేళల్లో పొగమంచు కురుస్తుంది. విశాఖ నగరవాసికి అంతకు మించి అవసరం లేదు. జనవరిలోనూ అక్కడి కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 18 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. అదే రాత్రి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని లంబసింగి, చింతపల్లి, అరకు ప్రాంతాల్లో గిరిజనులు పది డిగ్రీల దిగువ చలిలో నెగడు చుట్టూ కూర్చుంటారు.

ఇంత తేడాకు ఎత్తు ఒక్కటే కారణం కాదు. సముద్ర మట్టం నుంచి వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. మిగతాది లోయల పని. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉన్న రాత్రి నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలు వెంట జారి లోయలో పేరుకుంటుంది. అందుకే కొన్నిచోట్ల గట్టు మీది ఊరి కంటే కింది పల్లెలోనే చలి ఎక్కువ. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి మబ్బు పట్టిందా, చలి ఒక్కసారిగా సడలుతుంది. మబ్బు విడిచి ఉత్తరాది పొడిగాలులు మొదలైతే రెండు మూడు రోజుల్లోనే మళ్లీ బిగుస్తుంది. మన్యంలో చలి సూచన చదవాలంటే అంకె కంటే ముందు ఆకాశాన్ని, గాలి దిశను చూడాలి.

అసలు చిక్కు హెచ్చరికల దగ్గర ఉంది. భారత వాతావరణ శాఖ ప్రమాణం ప్రకారం మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకు తక్కువ ఉండి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే శీతల గాలులుగా ప్రకటిస్తారు. కొండ ప్రాంతాల్లోనైతే సున్నాకు దిగాలి. హిమాలయ రాష్ట్రాలకు ఇది సబబే. మన్యంలో సున్నా చాలా అరుదు. పోనీ మైదానాల కొలతే వర్తింపజేసినా, సాధారణమే పది డిగ్రీలున్న చోట అయిదున్నరకు పడితే గానీ షరతు నెరవేరదు. ఏడు డిగ్రీల చలి వారం రోజులు కొనసాగినా కాగితం మీద అది మామూలు శీతాకాలమే.

ఆశ్రమ పాఠశాలలో పలచటి దుప్పటితో నేల మీద పడుకునే పిల్లవాడికి ఆ ఏడు డిగ్రీలు మామూలు కాదు. మన్యంలో సికిల్‌సెల్ రక్తహీనత బాధితులున్నారు. చలి సోకితే వారికి రక్తనాళాలు కుంచించుకుని తీవ్రమైన నొప్పులు రావచ్చు. వేడి నీళ్లు, అదనపు రగ్గులు, ఉదయం తరగతుల వేళ మార్పు వంటి నిర్ణయాలకు రాష్ట్రస్థాయి హెచ్చరిక కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు. వైద్యులు, వ్యవసాయ శాస్త్రవేత్తలతో చర్చించి జిల్లా యంత్రాంగమే స్థానిక హద్దును నిర్ణయించుకోవచ్చు.

కాఫీ రైతు లెక్క వేరు. పండ్ల కోత, గింజల ఎండబెట్టడం సరిగ్గా ఈ నెలల్లోనే సాగుతాయి. ఆయనకు కావాల్సింది కనిష్ఠ ఉష్ణోగ్రత కాదు, మంచు ఎన్ని గంటలకు విడుతుంది, వాన పడుతుందా అన్నది. ఆరబోసిన గింజలు తేమ పడితే బూజు పడతాయి, ధర పడిపోతుంది. డిసెంబరు తుపానులకు తావు లేదనుకోవడానికీ వీల్లేదు. 2023లో మిగ్‌జాం తుపాను బాపట్ల వద్ద తీరం దాటింది డిసెంబరు 5న. కోస్తాలో కోతలు, నూర్పిళ్ల వేళ ధాన్యం తడిసింది.

వంజంగి మేఘాల కోసం తెల్లవారక ముందే ఘాట్ ఎక్కే పర్యాటకులకు మాత్రం అంకె ఎంత తగ్గితే అంత సంబరం. మలుపులో ఎదుటి వాహనం కనిపించని పొగమంచు సంగతి సెల్ఫీల్లో రాదు మరి.

చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం, మినుములూరు కాఫీ కేంద్రాల్లో నమోదయ్యే ఉష్ణోగ్రతలు ఏటా వార్తల్లో వస్తూనే ఉన్నాయి. అయితే అవి గడచిన రాత్రి లెక్కలు, సూచనలు కావు. అయినా ఆకాశం తేటగా ఉండి, గాలి దిశ మారకపోతే రాబోయే రాత్రీ దాదాపు అలాగే ఉంటుంది. ఆ అంకెకు అమరావతి వాతావరణ కేంద్రం ఇచ్చే మబ్బు, గాలి సూచనలను జోడించి, మధ్యాహ్నంలోగా వసతిగృహాల సంక్షేమాధికారులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పంపడానికి కొత్త పరికరాలేమీ అక్కర్లేదు.