బెల్టు పెట్టుకున్నా నేలను తాకే ముప్పు.. లారీపై పని చేసేవాళ్ల లెక్క ఎక్కడ తప్పుతోంది?

హెల్మెట్ ఉంది, బెల్టు ఉంది.. ఇంకేం భయం? ట్యాంకర్ ఎక్కి మూత తెరిచే క్లీనర్‌కైనా, లోడుపై టార్పాలిన్ కప్పే హమాలీకైనా చాలాచోట్ల చెప్పే మాట ఇదే. లెక్క వేస్తే మాత్రం అసలు సంగతి వేరేగా ఉంటుంది.

లారీ పైభాగం నేల నుంచి సుమారు 4 మీటర్లు. అక్కడి నుంచి జారితే కింద పడటానికి సెకను కూడా పట్టదు. నేల తాకేసరికి వేగం గంటకు దాదాపు 32 కిలోమీటర్లు! బెల్టు హుక్‌ను కాళ్ల దగ్గర, ట్యాంకర్ మీదే తగిలించారనుకుందాం. తాడు పొడవు 1.8 మీటర్లు. కుదుపు తగ్గించే భాగం సాగితే ఇంకో మీటరు. వీపు దగ్గరి రింగు నుంచి పాదాల వరకు మరో 1.5 మీటర్లు. మొత్తం 4.3. అంటే తాడు పట్టేలోపే నేల వచ్చేస్తుంది! పైగా నడుముకు కట్టే బెల్టుతోనే ఇంకా సరిపెడుతున్నవాళ్లు ఉన్నారు. పడేవాళ్లను ఆపడానికి అది పనికిరాదని అమెరికా నిర్మాణ రంగంలో 1998 నుంచే పక్కన పెట్టేశారు.

అందుకే తలపైన పట్టా. రెండు స్తంభాల మధ్య ఇనుప తీగ కడితే, మనిషి పడగానే అది మధ్యలో కిందికి సాగుతుంది. అదే తీగకు తగిలించుకున్న పక్కవాడూ తూలిపోవచ్చు. గట్టి రైలు పట్టా అయితే పెద్దగా వంగదు. దానిపై ట్రాలీ మనిషితో పాటే జరుగుతుంది. కారు సీటు బెల్టులా తనంతట తానే చుట్టుకునే తాడు పట్టాకు ఉంటే, పడటం మొదలైన కాసేపటికే ఆపేస్తుంది.

మరి అన్ని షెడ్లలో ఎందుకు లేదు? ఒక కారణం ఖర్చు. అమెరికా నిబంధనల్లో ఆధారం ఒక్కో మనిషికి 5,000 పౌండ్లు, అంటే దాదాపు 2,270 కిలోలు తట్టుకోవాలి. లేదంటే నిపుణులు లెక్క కట్టి డిజైన్ చేయాలి. పాత రేకుల షెడ్డు కప్పు అంత ఓర్చుకోలేకపోతే వేరే స్తంభాలు నాటాల్సిందే. రెండో కారణం ఇంకా చిక్కు. షెడ్డు కంపెనీది, లారీ ట్రాన్స్‌పోర్టర్‌ది, పైకెక్కేది ఇద్దరి రిజిస్టర్‌లోనూ లేని హమాలీ. పడితే బాధ్యత ఎవరిది? ఎత్తు మీద పని చేసేచోట రక్షణ ఏర్పాట్లు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 32లోనే ఉంది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో కొత్త కార్మిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. పాత చిక్కు మాత్రం అలాగే ఉంది.

పట్టా బిగించాక కూడా ఒక పని మిగులుతుంది. పడినవాడు గాల్లో వేలాడుతుంటాడు. కాళ్లలో రక్తం నిలిచిపోకముందే, నిమిషాల్లో దించాలి. ఫైరింజన్ వచ్చేదాకా ఆగే వీల్లేదు, నిచ్చెనా దించే మనిషీ షెడ్డులోనే ఉండాలి.