పగలు పుస్తకాలు, సాయంత్రం అష్టా చెమ్మా

పుస్తకాల పండుగ అనగానే మన రాష్ట్రంలో అందరికీ విజయవాడ గుర్తుకు వస్తుంది. 1989లో మొదలైన ఆ పండుగ సాధారణంగా జనవరి మొదటి రోజుల్లో జరుగుతుంది. కాని ఎలమంచిలి నుంచి విజయవాడ దాదాపు 300 కిలోమీటర్లు. ఎందరు విద్యార్థులు అంతదూరం వెళ్ళగలరు? అందుకని మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి. ఆ వారంలో ఒక రోజును మన ఊరి పుస్తకాల పండుగ చేసుకోవచ్చు. పగలంతా పుస్తకాలు చూడాలి, చదవాలి. సాయంత్రం అక్కడే చాపలు పరచి పులి-మేక, అష్టా చెమ్మా, వైకుంఠపాళి ఆడుకోవాలి.

“పుస్తకాల దగ్గర ఆటలేమిటి?” అని కొందరు పెద్దలు అడగవచ్చు. నిజానికి ఒక గొప్ప శాస్త్రం ఆటలోంచే పుట్టింది. మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెం సొమ్మును ఎలా పంచాలి? 1654లో ఫ్రాన్సు దేశపు పాస్కల్, ఫెర్మాలు ఈ ప్రశ్న మీద ఉత్తరాలు రాసుకున్నారు. 1657లో హైగెన్స్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు పాచికల ఆటల లెక్కలపై ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. పదో తరగతిలో మీరు చదివే ‘సంభావ్యత’పై అచ్చయిన మొదటి పుస్తకం అదే!

మన ఆటలనే చూడండి. వైకుంఠపాళిలో నిచ్చెన ఎక్కినా, పాము మింగినా అంతా పందెం పడినదాన్నిబట్టే. మన తెలివికి అందులో పనిలేదు. పులి-మేకలో మూడు పులులు, పదిహేను మేకలు. అక్కడ అదృష్టానికి చోటులేదు. ఓడిపోతే మన ఎత్తునే తప్పుపట్టాలి. అష్టా చెమ్మాలో రెండూ కలిసి ఉంటాయి. పందెం మన చేతిలో లేదు. ఏ కాయను జరపాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

ఒకవైపు తెల్లగా అరగదీసిన నాలుగు చింతపిక్కలను వేస్తే మొత్తం 16 విధాలుగా పడవచ్చు. రెండు తెలుపులు పడే విధాలు 6. ఒకటి పడేవి 4, మూడు పడేవి 4. నాలుగూ తెల్లగా పడే చెమ్మకు ఒకటే దారి. నాలుగూ నల్లగా పడే అష్టాకూ ఒకటే దారి. పిక్క ఎటైనా సమానంగా పడుతుందనుకుంటే, 160 సార్లు వేసినప్పుడు అష్టా 10 సార్లు, రెండు 60 సార్లు రావాలి. వేసి, రాసుకుని చూడండి. లెక్కకు చాలా తేడా వస్తే, పిక్క రెండువైపులా ఒకేలా ఉందా అని పరీక్షించండి. ఇదే ప్రయోగం గవ్వలతోనూ చేసి పోల్చండి.

జీవితంలో ఏది మన చేతిలో ఉంది, ఏది లేదు అని విడదీసి చూడలేనివారే జాతకాలకూ, లాటరీలకూ లొంగిపోతారు. ఆ చూపు పుస్తకం చదివితే కొంత వస్తుంది. చేసి చూస్తే గట్టిపడుతుంది. అందుకే ఈ రెండూ ఒకే రోజున, ఒకే చోట ఉండాలంటున్నాను. పందేలు మాత్రం వద్దు. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలు, నేలమీద గీయడానికి సుద్దముక్క, గుప్పెడు చింతపిక్కలు చాలు.

నవంబరు దాకా ఆగకండి. మీ లెక్కల మాస్టారితోనూ, గ్రంథాలయాధికారితోనూ ఇప్పుడే మాట్లాడండి.