ఫైల్ డిలీట్ అవ్వట్లేదా? ముందు మెసేజ్ చదవండి

సంక్రాంతికి ఇంటికెళ్లగానే నాన్న పట్టుకున్నారు. "ఒరేయ్, కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ ఉంది. ఎన్నిసార్లు తీసేసినా పోవట్లేదు. కాస్త చూడు." కొడుకు సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ఇంట్లో కంప్యూటర్‌కి డాక్టర్ వాడే కదా! ఐదు నిమిషాల పని అనుకుని కూర్చున్నా.

డిలీట్ నొక్కితే ఏదో ఎర్రర్ వచ్చింది. సరిగ్గా చదవలేదు. రెండు మూడు సార్లు నొక్కి, విసుగొచ్చి డిస్క్ రిపేర్ పెట్టేశా. రీస్టార్ట్ అయ్యేసరికి ఆ ఫోల్డర్ మాయం. నాన్న ఖుషీ, నేను హీరో.

సాయంత్రం అక్క వచ్చి, "నా పెళ్లి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసివ్వరా" అంది. అవీ ఆ డ్రైవ్‌లోనే ఉన్నాయి. ఓపెన్ చేస్తే తలంబ్రాల దగ్గర నుంచి సగం ఫొటోలు లేవు. ఇంకో కాపీ ఎక్కడా లేదు.

అందుకే ఈ వారం ఈ టాపిక్. విండోస్ ఒక ఫైల్‌ని డిలీట్ చేయనంటే చాలాసార్లు ఈ మూడింటిలో ఒకటి కారణం కావచ్చు. ఏదో తెలుసుకున్నాకే చెయ్యి వేయాలి.

1. ఫైల్‌ని ఇంకెవరో వాడుతున్నారు

"ఫైల్ ఇన్ యూజ్" అని వస్తే కంగారు పడక్కర్లేదు. ఫైల్ పాడవలేదు, ఏదో ప్రోగ్రామ్ దాన్ని తెరిచి పట్టుకుంది. వీడియోలైతే ఒక్కోసారి ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని ప్రివ్యూనే పట్టుకుంటుంది. ఆల్ట్, పి కలిపి నొక్కి ప్రివ్యూ ఆపేసి చూడండి.

పోకపోతే స్టార్ట్‌లో 'రిసోర్స్ మానిటర్' అని వెతకండి. సీపీయూ ట్యాబ్‌లో 'అసోసియేటెడ్ హ్యాండిల్స్' దగ్గర ఫైల్ పేరు టైప్ చేస్తే దొంగ ఎవరో దొరుకుతాడు. ఆ ప్రోగ్రామ్ మూసేయండి, లేదా సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. అప్పటికీ మొండికేస్తే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తీసేయండి.

2. పేరులోనే చిక్కుంది

ఫోల్డర్‌లో ఫోల్డర్, దాంట్లో ఇంకో ఫోల్డర్... ఇలా డ్రైవ్ పేరు నుంచి ఫైల్ పేరు దాకా మొత్తం దారి 260 అక్షరాలు దాటితే విండోస్ తడబడుతుంది. పాత బ్యాకప్‌లలో ఇది మామూలే. బయటి ఫోల్డర్ల పేర్లను ఒక్కో అక్షరానికి కుదించండి, చాలాసార్లు పని అయిపోతుంది. ఉచితంగా దొరికే 7-జిప్ ఫైల్ మేనేజర్‌లోంచి షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కినా పోవచ్చు.

3. డిస్కే జబ్బు పడింది

"కరప్టెడ్ అండ్ అన్‌రీడబుల్" అన్న మాట కనిపిస్తే మౌస్ మీద నుంచి చెయ్యి తీసేయండి. నాన్న కంప్యూటర్‌లో వచ్చిన మెసేజ్ ఇదే.

లైబ్రరీలో ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో రాసుకునే రిజిస్టర్ ఉంటుంది కదా. డిస్క్‌లోనూ ఫైళ్లకి అలాంటి రిజిస్టర్ ఒకటి ఉంటుంది. డిలీట్ అంటే అందులో ఒక పద్దు కొట్టేయడమే. ఆ పేజీయే చిరిగిపోతే విండోస్ దేన్ని కొట్టేయగలదు? రాస్తుండగా కరెంటు పోవడం, ఎజెక్ట్ చేయకుండా ఎక్స్‌టర్నల్ డిస్క్ లాగేయడం, డిస్క్‌కి వయసైపోవడం... పేజీ చిరగడానికి ఇవే ముఖ్య కారణాలు.

నేను తప్పు చేసింది ఇక్కడే. రిపేర్ చేసేది రిజిస్టర్‌ని సరిచేయడం, మీ ఫొటోలు కాపాడటం కాదు. లెక్క కుదరని పద్దుల్ని అది కొట్టేస్తుంది. కాబట్టి వరుస ఇలా ఉండాలి:

ముందు, అదే డ్రైవ్‌లో ఉన్న ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అవ్వనివి వదిలేసి మిగతావి తీసుకోండి.

తర్వాత, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత టూల్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. 'కాషన్' అనో 'బ్యాడ్' అనో వస్తే రిపేర్ మీద ఆశ పెట్టుకోకండి, డిస్క్ మార్చేయడమే మంచిది.

'గుడ్' అని వస్తే డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, టూల్స్, చెక్ నొక్కండి. తప్పులు సరి అయ్యాక ఆ మొండి ఫోల్డర్ మామూలుగానే డిలీట్ అవుతుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. విండోస్ ఫోల్డర్ లోపల ఉన్న ఫైల్ పోవట్లేదంటే దాని జోలికి వెళ్లకండి, అది పోకపోవడమే మీకు మంచిది. అలాగే 'ఫోర్స్ డిలీట్' అని ఊరూపేరూ లేని సైట్లలో దొరికే టూల్స్ వేసుకోకండి. పాత ఫైల్ పోయినా కొత్తగా వైరస్ దిగుతుంది.

ఇంతకీ అక్క ఫొటోల సంగతి. రిపేర్‌లో తెగిపోయిన ముక్కల్ని విండోస్ ఒక్కోసారి 'ఫౌండ్' అనే ఫోల్డర్‌లో దాస్తుంది. మామూలుగా చూస్తే అది కనిపించదు, దాచిన సిస్టమ్ ఫైళ్లు కూడా చూపించమని సెట్టింగ్ మార్చాలి. అందులో చివర 'సీహెచ్‌కే' అని ఉన్న ఫైళ్లు కనిపించాయి. వాటిని కాపీ చేసుకుని, ఆ చివరి అక్షరాల్ని 'జేపీజీ'గా మారిస్తే కొన్ని ఫొటోలు తెరుచుకున్నాయి. ఇంకొన్ని బాబాయి ఫోన్‌లో వాట్సాప్‌లో దొరికాయి, మసకమసకగా. తలంబ్రాల ఫొటోలు మాత్రం రానే లేదు.

అక్క ఏమీ అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మీ ఇంట్లో కూడా ఒకే డిస్క్‌లో, ఒకే కాపీగా ఉన్న ఫొటోలు ఉండే ఉంటాయి. ఈ ఆదివారం వాటిని ఇంకో చోటికి కాపీ చేసి పెట్టండి. మొండి ఫోల్డర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.