ఊరికే యిచ్చే కారం

విదేశంలో వున్న కొడుకును చూడటానికి వచ్చిన పెద్దవాళ్ళు మొదటి మూడు రోజులూ చేసే పని ఒక్కటే. కనబడిన ప్రతి వస్తువు ధరనూ రూపాయల్లోకి మార్చి, గుండె మీద చెయ్యి వేసుకుంటారు. మా నాన్నగారు మాత్రం రూపాయల దగ్గర ఆగలేదు. సింగపూరులో చవక తిండి గురించి రాస్తానని క్రితం వారం మీకు మాట యిచ్చాను గదా, ఆయన కథ చెబితే అదీ చెప్పినట్టే అవుతుంది.

మాది పర్చూరు దగ్గర పల్లె. నల్లరేగడి నేల. పత్తి, మిరప, శనగ పండుతాయి. నాన్నగారు గుంటూరు జిల్లాలో పుట్టారు, నేను ప్రకాశం జిల్లాలో పుట్టాను, మా యిల్లు యిప్పుడు బాపట్ల జిల్లాలో వున్నది. 1970లో ఒకసారీ 2022లో ఒకసారీ జిల్లాలు మారాయి గాని మావాళ్ళెవరూ గడప దాటలేదు. దాటినవాణ్ణి నేనొక్కణ్ణే.

2025 మే నెలలో నాన్నగారు మొదటిసారి సింగపూరు వచ్చారు. "మీ వూళ్ళో మంచి హోటలేదిరా?" అని అడిగితే మా పేట హాకర్ సెంటరుకు తీసుకువెళ్ళాను. హాకరంటే వీధిలో తిండి అమ్ముకునేవాడు. ఒకప్పుడు యీ వూరి వీధుల నిండా వీళ్ళ బళ్ళే. 1968, 69లలో ప్రభుత్వం వాళ్ళందరి పేర్లూ నమోదు చేసింది. 1971 నుంచి కప్పూ, కొళాయీ, మురుగు కాలవా వున్న కట్టడాలు కట్టి వాళ్ళను అందులోకి మార్చింది. యిప్పుడు అటువంటివి నూరుకు పైనే. 2016లో ఒక హాకరు రెండు డాలర్లకు అమ్మే కోడికూర అన్నానికి మిషెలిన్ వారి నక్షత్రం వచ్చింది. 2020లో యునెస్కో వారు యీ హాకర్ సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చారు. పెద్ద ఆఫీసరూ, తాపీ పనివాడూ ఒకే బల్ల దగ్గర తింటారు.

బల్ల మీద ఒక కాగితపు రుమాళ్ళ పొట్లం వుంటే, యెవరో మరిచిపోయారని నాన్నగారు తీసి యిచ్చేయబోయారు. అది మరుపు కాదు, రిజర్వేషను! మన బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టన్న మాట. "అయితే వీళ్ళూ మనవాళ్ళే" అన్నారాయన సంతోషంగా.

కాఫీ తెచ్చాను. యిక్కడి గింజలు పంచదారా వెన్నా వేసి వేయిస్తారు. గుడ్డ సంచిలో వడగట్టి గట్టి డబ్బాపాలు కలుపుతారు. 'కోపి ఓ' అంటే పాలు లేనిది. 'కోపి ఓ కొసోంగ్' అంటే పంచదార కూడా లేనిది. కొసోంగ్ అంటే మలయా భాషలో ఖాళీ. "ఖాళీకి కూడా డబ్బు పుచ్చుకుంటారా?" అని నాన్నగారి సందేహం. అంతకన్నా ఘాటైన పానీయాల మీద సుంకం మండిపోతుంది గనుక, యీ వూళ్ళో చవకగా తాగటమంటే కాఫీ, టీ తాగటమే.

తరువాత ఒక చీనా ముసలమ్మ కొట్లో నాలుగు డాలర్లకు బియ్యపు సేమ్యా తెచ్చాను. యిక్కడ అందరూ ఆమెను 'ఆంటీ' అంటారు. నాన్నగారు వేళ్ళు ముడిచి లెక్క కట్టారు.

"కాఫీ ముప్పావు కిలో. యీ పళ్ళెం రెండు కిలోల రెండు వందల గ్రాములు."

"యేమిటి నాన్నా అవి?"

"మిరపకాయలురా."

ఆ సంవత్సరం గుంటూరు యార్డులో ధర పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద ప్రకటించిన ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. అంటే కిలో 118. డాలరు 65 రూపాయల లెక్కన నాన్నగారి గుణకారంలో తప్పేమీ లేదు.

"మన కాయలు అమ్మారా?"

"ఎనభై టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో వున్నాయి."

"నాకు చెప్పలేదే?"

"చెబితే డబ్బు పంపుతావు. నువ్వు పంపితే ధర వస్తుందా?"

నేను మాట్లాడలేదు. ఆయన కారం గిన్నె దగ్గరకు లాక్కుని, వేలితో రుచి చూసి, "ఘాటు చూస్తే మన తేజాలాగే వుంది. దీనికెంత?" అన్నారు.

"దానికేమీ లేదు నాన్నా. యెంత కావాలంటే అంత, ఊరికే."

"ఊరికేనా!" అని ఆయన చాలాసేపు ఆ గిన్నె వంకే చూశారు. "ఊరికే పెట్టేది వుంటుంది గాని, ఊరికే పండేది వుండదురా."

మన రాష్ట్రంలో 2018లో మొదలై, ఆగి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచిన అన్న క్యాంటీన్లలో 5 రూపాయలకు భోజనం పెడుతున్నారు. మిగతా ఖర్చు ప్రభుత్వమూ దాతలూ భరిస్తున్నారని అందరికీ తెలుసు. మరి యిక్కడ భరించేదెవరు? వీధుల్లోంచి తరలివచ్చిన తొలి తరంవారికి అద్దె తక్కువ, నిజమే. కాని యీ వూరి హాకర్లలో సగంమందికి వయసు అరవై పైమాటే. మిగతా ఖర్చు వాళ్ళ నడుమూ మోకాళ్ళూ భరిస్తున్నాయి.

నాన్నగారు ఆంటీతో మాట్లాడతానన్నారు. నేను దుబాసీని. ఆమె తెల్లవారుజామున 3 గంటలకు లేస్తుందట. "ధర పెంచవేమమ్మా?" అంటే, "పెంచితే పాతవాళ్ళు రారు. వాళ్ళూ నాలాగే ముసలివాళ్ళు" అన్నది. "నీ తరువాత యీ కొట్టు యెవరిది?" అని అడిగితే తల అడ్డంగా వూపింది. "కొడుకు బ్యాంకులో వున్నాడు. యీ పని వద్దని నేనే చదివించాను."

ఆ మాట తెలుగులో చెప్పటానికి నాకు కాస్త ఆలస్యమయింది.

"నేనూ అదే చేశానని చెప్పు" అన్నారు నాన్నగారు.

చెప్పాను. ఆమె నా వంక ఒకసారీ ఆయన వంక ఒకసారీ చూసి, నవ్వి, ఆయన పళ్ళెంలో యింకో వేపుడు ముక్క వేసింది. దానికి డబ్బు తీసుకోలేదు.

యిక్కడ యెవరి యెంగిలి పళ్ళెం వాళ్ళే తీయాలి, 2021 నుంచి తీయకపోతే జరిమానా. నేను చెయ్యి చాపితే నాన్నగారు యివ్వలేదు. గిన్నెలో మిగిలిన కారం సేమ్యాలో కలుపుకుని, వేలితో తుడుచుకు తిని, పళ్ళెం తనే తీసుకుపోయి పెట్టి వచ్చారు.

నేను నా జీతంతో కొలిచి యిన్నాళ్ళూ యీ తిండిని చవక అన్నాను. ఆయన తన పంటతో కొలిచారు. రెండు లెక్కలూ సరైనవే. కాని యే తూకంతో తూస్తున్నామో చెప్పకుండా చవక అనటం సరి కాదని ఆ రోజు తెలిసింది.

ఆ ఎనభై టిక్కీలూ తరువాత యెంతకు పోయాయో నాన్నగారు చెప్పలేదు. నేనూ అడగలేదు. యిప్పటికీ ఆదివారం ఆ కొట్టుకే పోతాను. కారం మాత్రం తినగలిగినంతే వేసుకుంటున్నాను.