ఉద్యోగంలో చేరాకే అసలు శిక్షణ

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూనే. వేరుశనగ మీదే బతికే కళ్యాణదుర్గం పల్లెల్లో వాన మొహం చాటేసిన ఏడు జనం బెంగళూరు బస్సెక్కుతారు. అక్కడ పది తప్పినవాడికీ, డిగ్రీ చదివినవాడికీ తరచూ దొరికేది ఒకే రకం బతుకు: కాంక్రీటు పనో, సెక్యూరిటీ గార్డు కొలువో. ఇలాంటి చోట పేద యువతకు ఉపాధి శిక్షణ అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ ఆ శిక్షణ విలువ తరగతి గదిలో తేలదు, ఉద్యోగంలో చేరిన తొలి ఆర్నెల్లలో తేలుతుంది. మన పథకాలు సరిగ్గా అక్కడే పిల్లల చేయి వదిలేస్తున్నాయి.

2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఈ సంగతిని కొంత గుర్తించింది. కొలువులో చేరాక నెలకు 1,000 రూపాయల చొప్పున రెండు నుంచి ఆరు నెలల దాకా ఇవ్వాలని రాసుకుంది. ఆలోచన మంచిదే, మొత్తమే చాలదు. బెంగళూరులో గదికి ముందు అడ్వాన్సు కట్టాలి, తొలి జీతం నెల గడిస్తే గానీ రాదు, అప్పటిదాకా తిండి, బస్సు ఛార్జీ చేతి నుంచే. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోలేని పిల్ల పని చేతకాక వెనక్కి రాదు, ఈ ఖర్చు తట్టుకోలేక వస్తుంది. ఆదుకుంటే ఏమవుతుందో కొలంబియా చూపించింది. 2005లో అక్కడ పేద యువతకు మూడు నెలల తరగతులు, మూడు నెలలు కంపెనీలో పని, రోజు భత్యం, చిన్నపిల్లల తల్లులకు కాస్త ఎక్కువ భత్యం ఇచ్చారు. లాటరీలో సీటు దొరికిన మహిళల సంపాదన దొరకనివారి కంటే దాదాపు 20 శాతం పెరిగింది. అనంతపురంలోనే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లె డిగ్రీ పిల్లలకు వసతి ఇచ్చి మరీ జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్ వంటి భాషలు నేర్పుతోంది. తిండికీ పడకకూ వెతుక్కోనక్కర్లేనప్పుడే చదువు సాగుతుంది.

డబ్బు వృథా అవుతోందన్న విమర్శలో నిజముంది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన స్వల్పకాలిక శిక్షణలో సర్టిఫికెట్ పొందినవారిలో సుమారు 41 శాతానికే ఉద్యోగాలు దక్కాయని కాగ్ 2025 నివేదిక తేల్చింది. అది శిక్షణ మానేయడానికి కారణం కాదు. తలలు లెక్కపెట్టి బిల్లులు చెల్లించే పద్ధతి మానేయడానికి కారణం. శిక్షణ పేరుతో ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారన్నది మరో మాట. ఊళ్లు శిక్షణ లేకుండానే ఖాళీ అవుతున్నాయి. చేతిలో పనితనం ఉన్నవాడు కనీసం కూలి బేరమాడగలడు. పైగా ఉన్న ఊళ్లోనే పని పెరుగుతోంది. వోల్టేజి పడిపోయి బోరు మోటారు కాలితే రైతు దాన్ని పట్టణంలో వైండింగ్ షాపుకు మోస్తాడు, ఈలోగా చీనీ చెట్లు ఎండుతాయి. డ్రిప్ ఫిల్టరు పూడుకుపోయినా అంతే. గాలిమరలూ సోలార్ పలకలూ మన గుట్టల మీదే ఉన్నాయి, వాటిని బాగుచేసే చేతులు కూడా ఈ పల్లెలవే కావాలి. వైండింగ్ షాపులో ఏళ్లుగా పని నేర్చిన కుర్రాడికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వడానికి పెద్ద ఖర్చేం కాదు.

శిక్షణ సంస్థకు చివరి వాయిదా ఆరో నెల జీతం చీటీ చూశాకే చెల్లించాలి. బెంగళూరు వెళ్లే పిల్లలకు గది అడ్వాన్సు, తొలి నెల ఖర్చు ప్రభుత్వమే భరించాలి. కళ్యాణదుర్గం ప్రజాప్రతినిధులు ఈ రెండూ శాసనసభలో అడగాలి.